రాజుగారి కోట.. రాత్రికెంత?

* అప్పట్లో గడప తొక్కనివ్వని మహళ్లు.. ఇప్పుడు అద్దె గదులు
* పెనుకొండ, చంద్రగిరి మాత్రం చూసి రావడానికే

చిక్కపేట (బెంగళూరు): హిందూపురం, మడకశిర, పెనుకొండ వైపు ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ఆ తర్వాతి మాట ఒకటే.. ‘చిక్కపేటకు ఎప్పుడు పోదాం?’ తెల్లవారుజామున బస్సో, రైలో పట్టుకోవడం, మెజెస్టిక్‌లో దిగడం, జవళి అంగళ్ల మెట్లెక్కి దిగడం, చీకటి పడేసరికి మూటలు సర్దుకోవడం.. తరాలుగా ఇదే తంతు. బేరం తెగక రాత్రయిపోతే సత్రమో, లాడ్జో, బంధువుల ఇంటి వసారానో. ‘ఒక్క రాత్రికే కదప్పా.. యాడో ఒగచోట నడుం వాలిస్తే సరిపాయె’ అనుకునే జనం.

ఆ ఒక్క రాత్రికే పదుల వేలు పోసేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పడుకునేది లాడ్జిలో కాదు, రాజుల కోటల్లో. నవాబు పరుపు మీద నిద్ర, మహారాజు భోజనాల బల్ల దగ్గర టిఫిను. డబ్బున్నవాళ్ల సరదాగానే కనిపిస్తుంది. కానీ ఆ డబ్బే లేకపోతే ఆ కోటల్లో చాలావాటికి ఈపాటికి కప్పు కూడా మిగిలేది కాదు. మరి మన సరిహద్దు మహళ్ల సంగతేమిటి?

పేట పక్కనే విడిది.. ఉండటానికి వీల్లేదు!

1537లో కెంపేగౌడ పునాది వేసిన పాత బెంగళూరులో చిక్కపేట, దొడ్డపేట ముఖ్యమైన వీధులు. ఆ దొడ్డపేటే నేటి అవెన్యూ రోడ్డు. చీరల మూట భుజాన వేసుకుని మార్కెట్ వైపు కొంచెం నడిస్తే టిప్పు సుల్తాను వేసవి మహలు వస్తుంది. హైదరాలీ మొదలుపెట్టిన ఈ కట్టడాన్ని టిప్పు 1791లో పూర్తి చేయించాడు. టేకు స్తంభాలు, రెండంతస్తులు, పైన వరండాలు, గోడల నిండా రంగుల పూలు. టిప్పు పోయాక తెల్లదొరలు దీన్ని కచేరీగా వాడుకున్నారు. 1868లో అఠారా కచేరి సిద్ధమయ్యాక దస్త్రాలన్నీ అక్కడికి మారాయి.

వేసవి విడిది అన్న పేరే గానీ ఇప్పుడక్కడ విడిది చేయడానికి లేదు. కేంద్ర పురావస్తు శాఖ అధీనంలోని కట్టడమిది. టికెట్ కొనుక్కుని చూడాలి, పొద్దు వాలితే బయటికి రావాలి. 1958 నాటి చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించినదాన్ని హోటలుగా నడపడం కుదరదు. 2010 సవరణ తర్వాత అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలపై నిషేధం, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి అన్న నిబంధన కూడా వచ్చింది.

బెంగళూరు ప్యాలెస్‌ది మరో కథ. సెంట్రల్ కాలేజీ తొలి ప్రిన్సిపల్ గారెట్ దొర కట్టుకున్న బంగళాను 1873లో బాల మహారాజు చామరాజ ఒడెయరు కోసం కొన్నారు. ఇంగ్లండు కోటల తరహాలో తీర్చిదిద్దారు. 2005 నుంచి జనాన్ని లోపలికి అనుమతిస్తున్నారు. మైదానంలో పెళ్లిళ్లు, కచేరీలు జరుగుతాయి. రాత్రి బసకు మాత్రం గదులివ్వరు.

మార్వాడీల సీమలో కరవు మహలు

చిక్కపేట గల్లాపెట్టెల దగ్గర కూర్చునేవారిలో రాజస్థాన్ మూలాలవారు చాలామంది. ‘రాండమ్మా.. కూచోండి, చూడండి’ అంటూ తెలుగులో పిలిచి, కన్నడంలో బేరమాడి, లెక్క మాత్రం మార్వాడీలో వేసుకుంటారు. కోటను హోటలుగా మార్చే విద్యలో వారి సొంత గడ్డే దేశానికి దారి చూపింది.

జైపూర్ మహారాజు రెండో సవాయ్ మాన్‌సింగ్ 1957లోనే తన రాంబాగ్ ప్యాలెస్‌ను హోటలు చేశారు. రాజులు హోటళ్లు నడపడమేమిటని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. 1963లో ఉదయపూర్ వంతు. పిచోలా చెరువు నడుమ పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన జగ్‌నివాస్ ‘లేక్ ప్యాలెస్’ హోటలైంది. 1983 నాటి జేమ్స్‌బాండ్ సినిమా ‘ఆక్టోపస్సీ’లో కనిపించేది ఈ మహలే.

అనంతపురం సీమవాళ్లకు దగ్గరగా అనిపించేది జోధ్‌పూర్ కథ. అక్కడ వరుస కరవులతో జనం అల్లాడుతుంటే మహారాజు ఉమేద్‌సింగ్ 1929లో ఒక కొత్త మహలుకు పునాది వేశారు. ఆ పనిలో వేలమందికి కూలి దొరికింది. మన దగ్గర కరవు పనుల కింద చెరువు పూడిక తీసినట్టు, అక్కడ రాజమహలు లేచింది! 1943కు పూర్తయిన ఉమేద్ భవన్‌లో 347 గదులు. ఇప్పుడది మూడు వాటాలు. ఒకదాంట్లో రాజకుటుంబం ఉంటుంది, ఒకటి మ్యూజియం, మిగిలింది తాజ్ వారి హోటలు. ఆనాడు రాళ్లు మోసింది కూలి కోసం. ఈనాడు ఆ రాళ్ల మధ్య ఒక్క రాత్రి గడపడానికయ్యే ఖర్చు మామూలు కుటుంబానికి నెలల సంపాదన.

భరణాలు పోయె.. బోర్డులు వచ్చె

సంస్థానాలు దేశంలో కలిశాక రాజులకు ప్రభుత్వం ఏటా భరణాలు ఇచ్చేది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో అవి రద్దయ్యాయి. ఆదాయం ఆగినా కోట ఖర్చు ఆగదు కదా! వానాకాలం వస్తే కారే పైకప్పు, చెదలు పట్టే తలుపులు, కావలివాళ్ల జీతాలు. ఒక్కో మహలు ఒక్కో తెల్ల ఏనుగు. కొందరు అమ్ముకున్నారు, కొందరు తాళాలేశారు. మిగిలినవారు గుమ్మానికి హోటలు బోర్డు పెట్టారు.

ఢిల్లీ-జైపూర్ దారిలోని నీమ్రాణా కోట అప్పటికే పాడుబడి ఉంది. పదిహేనో శతాబ్దం నాటి ఆ కోటను 1986లో ఇద్దరు మిత్రులు, అమన్‌నాథ్, ఫ్రాన్సిస్ వాచియార్గ్, కొని బాగు చేయించారు. 1991లో కొద్ది గదులతో హోటలు తెరిచి, వచ్చిన డబ్బుతో మిగతా భాగాలను ఒక్కొక్కటిగా నిలబెట్టుకుంటూ పోయారు. శిథిలం కూడా తన తిండి తాను సంపాదించుకోగలదని చూపిన కోట అది.

మైసూరు లలితమహల్ పుట్టుకే అతిథుల కోసం. వైస్రాయి వస్తే దిగడానికని నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1921లో పని మొదలుపెట్టించారు. లండన్ సెయింట్ పాల్ చర్చి పోలికతో గుమ్మటం పెట్టారు. 1974లో హోటలైంది. ఒకప్పుడు వైస్రాయిలకే పరిమితమైన వరండాలో డబ్బు కట్టిన ఎవరైనా కుర్చీ వేసుక్కూచునే రోజులు వచ్చాయి.

ఆకాశపు అద్దంలో అరవై గదులు

తెలుగు నేల మీద ఈ వరసలో మొదట చెప్పుకోవాల్సింది హైదరాబాద్ ఫలక్‌నుమా. ఆకాశానికి అద్దమని పేరుకు అర్థం. పైగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా 1884లో కొండ మీద పని మొదలుపెట్టించారు. ఇటలీ చలువరాయి, పైనుంచి చూస్తే తేలు ఆకారం. కట్టడం పూర్తయ్యేసరికి కట్టించినాయన అప్పుల పాలయ్యారు! చివరికి మహలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల ఇక్కడి ప్రత్యేకత.

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక ఇక్కడికి పెద్ద అతిథులెవరూ రాలేదు. తలుపులు మూసుకున్నాయి. దుమ్ము, బూజు, గబ్బిలాలే కాపురం. నిజాం వంశపు కోడలు ఎస్రా పర్యవేక్షణలో దాదాపు పదేళ్లు మరమ్మతులు చేశాక 2010 నవంబరులో తాజ్ వారి హోటలుగా తెరుచుకుంది. గదులు, సూట్లు కలిపి అరవై. 2017 నవంబరులో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ విందారగించింది ఆ 101 కుర్చీల బల్ల దగ్గరే.

అద్దె రోజునుబట్టి, సీజన్నుబట్టి మారినా పదుల వేలకు తగ్గదు. చిక్కపేట లెక్కలో చెప్పాలంటే ఒక మంచి పెళ్లి పట్టుచీర. చీరైతే బీరువాలో నలభై ఏళ్లుంటుంది, కూతురికీ పనికొస్తుంది. ఆ రాత్రి మాత్రం తెల్లారితే సరి. కాకపోతే, ఆ బిల్లులో కొంత పాత పైకప్పుకు, వడ్రంగికి, తోటమాలికి చేరుతుంది. తాళం వేసిన కోటలో వాళ్లెవరికీ పనిలేదు.

డబ్బు కట్టేముందు..

రాజమహలు అన్న బోర్డు చూసి ముచ్చటపడి డబ్బు కట్టేయకూడదు. ముందు కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి.

* మీకిచ్చే గది పాత మహల్లోదా, పక్కన కొత్తగా కట్టిన బ్లాకులోదా? చాలాచోట్ల రెండూ ఉంటాయి. అద్దెల్లో తేడా ఉంటుంది.
* కేంద్ర పర్యాటక శాఖ ‘హెరిటేజ్’ హోటలు గుర్తింపు 1950కి ముందు కట్టిన భవనాలకే ఇస్తుంది. కోట తరహాలో కట్టిన కొత్త రిసార్టులు ఈ లెక్కలోకి రావు.
* పన్ను కలిపి ఎంతవుతుందో కనుక్కోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం గది అద్దె రోజుకు రూ.7,500 దాకా జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం.
* పాత భవనాల్లో మరమ్మతులు తరచూ సాగుతుంటాయి. మెట్లు ఎత్తుగా ఉంటాయి, అన్నింటికీ లిఫ్టు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే కింది గది అడగాలి.
* ఎండాకాలం, వానాకాలం ధరలు తగ్గుతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో, సంవత్సరాంతంలో ఆకాశాన్నంటుతాయి.

అంత పెట్టలేనివారికి ఇంటిదారికి దగ్గర్లోనే నందికొండ ఉంది. టిప్పు బలపరిచిన కోటలో కబ్బన్ దొర కట్టుకున్న బంగళా ప్రభుత్వ అతిథి గృహమైంది. గాంధీజీ 1927లో ఒంట్లో బాగాలేక కొండ మీదే విశ్రాంతి తీసుకున్నారు. 1986లో సార్క్ దేశాల అధినేతలు వచ్చి వెళ్లిందీ ఇక్కడికే. పట్టుపరుపులుండవు గానీ పొద్దున కిటికీ తీస్తే మబ్బులుంటాయి.

మన మహళ్లకు రాత్రే లేదా?

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడైపోతే విజయనగర రాజ్యానికి రాజధాని అయింది పెనుకొండే. ఆనాటి గగన్‌మహల్ ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది. అక్కడి రాజమహల్ ఇప్పుడు మ్యూజియం. రెండుచోట్లా పరిస్థితి ఒకటే. పగలు వచ్చి చూసి, ఫొటో దిగి, సాయంత్రానికి వెళ్లిపోవాల్సిందే. యాత్రికుడు రాత్రి ఉంటేనే ఊళ్లో అన్నం తింటాడు, ఆటో ఎక్కుతాడు, మరునాడు లేపాక్షి చూస్తాడు, ధర్మవరం చీర కొంటాడు. ఒక పూటతో పోయేవాడి జేబు పెద్దగా తెరుచుకోదు.

అలాగని గగన్‌మహల్‌ను హోటలు చేయమనడం సబబు కాదు. చట్టం ఒప్పుకోదన్నది ఒక్కటే కారణం కాదు. ఫలక్‌నుమాలో అడుగు పెట్టాలంటే గదైనా, భోజనమైనా, కనీసం టీ అయినా బుక్ చేసుకోవాలి. గగన్‌మహల్ ముందు గొర్రెల కాపరి కూడా నిలబడి చూస్తాడు. అందరిదీ అయిన కోటలో ఎవరూ పడుకోలేరు. పడుకోవడానికి వీలున్న కోట అందరిదీ కాదు. ఆ తేడా పోగొట్టుకోకూడదు.

మధ్యేమార్గం లేకపోలేదు. స్పెయిన్‌లో 1928 నుంచి ప్రభుత్వమే పాత కోటలు, మఠాలను బాగుచేసి ‘పరదోర్’ పేరిట హోటళ్లు నడుపుతోంది. భవనం జనానిదే, రాబడీ జనానిదే. మన గండికోటలో కోటను ముట్టుకోకుండా పక్కనే పర్యాటక శాఖ హరిత హోటలు కట్టింది. పెనుకొండకు కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా అతిథుల రాకపోకలు పెరిగాయి. వాళ్లు రాత్రికి ఉంటున్నారు కూడా. సాయంత్రం వాళ్లను కొండ దాకా నడిపించి, ఇది ఒకప్పటి రాజధాని అని చెప్పే మనిషి ఉంటే చాలు, ఊరికి ఇంకో రాత్రి ఆదాయం దక్కుతుంది.

చిక్కపేట ఆనుకుని ఉన్న మామూలుపేటలో వెనకటికి గుబ్బి తోటదప్ప అనే వర్తకుడు ఉండేవారు. సంపాదించింది పెట్టి రైల్వేస్టేషన్ ఎదుట బాటసారుల కోసం సత్రం కట్టించారు. 1903లో తెరిచిన ఆ సత్రం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆయన రాజు కాదు, అది కోటా కాదు. వచ్చినవాడికి రాత్రికి ఇంత చోటివ్వాలన్న మర్యాద మాత్రం రాజమర్యాదే.

రాత్రి తొమ్మిదవుతుంది. చిక్కపేటలో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతుంటాయి. పెళ్లి జవళి మూటలు మెట్రోలో ఒక్క స్టేషను దూరంలోని మెజెస్టిక్‌కు చేరతాయి. హిందూపురం బస్సు ఎక్కినవారు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తారు. దారి మలుపులు తిరిగి తెలుగు నేలలోకి వస్తుంది. అవతల పెనుకొండలో గగన్‌మహల్‌కు ఎప్పుడో తాళం పడి ఉంటుంది.