చెవి పోగు మీది పన్నెండు అంకెలు

మన సంఘాలలో పాల కొలతకు లెక్క ఉన్నది, వెన్న శాతానికి లెక్క ఉన్నది. పాలిచ్చే బర్రె ఆరోగ్యానికి మాత్రం చాలాకాలం లెక్క లేదు. టీకా ఎప్పుడు వేయించారని అడిగితే, "వానలకు ముందు ఎప్పుడో" అనే జవాబే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల సంఘాలలో నేను ఎక్కువగా విన్నది. పసుపుపచ్చ ప్లాస్టిక్ పోగు ఈ లోపం తీర్చడానికి వచ్చినదే.

పోగుపై 12 అంకెల నంబరు ఉండును. దేశంలో మరే పశువుకూ అదే నంబరు ఉండదు. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు తయారుచేసిన 'ఇనాఫ్' అనే కంప్యూటర్ వ్యవస్థలో మొదట ఈ వివరాలు ఎక్కించారు. తరువాత 'భారత్ పశుధన్' వచ్చినది. యజమాని పేరు, ఊరు, ఈతలు, సూది వేయించిన తేదీ, టీకాలు, చికిత్స ఆ నంబరు కిందనే చేరును. ఒక ఊరిలో గాలికుంటు కనిపిస్తే, పక్క ఊళ్లలో టీకా పడని పశువులెన్నో అధికారి కూర్చున్నచోటనే చూచి మందు పంపవచ్చు.

2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభించిన జాతీయ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధులపై ఉద్దేశించినది. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయాలి. బ్రూసెల్లోసిస్ సంగతి వేరు. ఈ రోగంతో చూడి పశువులు ఈడ్చుకుపోతాయి. పచ్చిపాల ద్వారా, పడిపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టడం ద్వారా మనుషులకూ సోకి విడవని జ్వరం, కీళ్లనొప్పులు తెచ్చును. దీని టీకా 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకే, జన్మలో ఒక్కసారే. చూడి పశువుకు వేయరాదు. ఇప్పుడు సంతలో కొన్న పడ్డకు చిన్నప్పుడు టీకా పడినదా లేదా ఎవరు చెప్పాలి? అమ్మినవాని మాట నమ్మవలసిందేనా? పైగా టీకా పడిన పశువు ఒక్కొక్కప్పుడు రక్తపరీక్షలో రోగం ఉన్నట్లే కనిపించును. నంబరు కింద టీకా తేదీ ఉంటే డాక్టరుగారికి తికమక ఉండదు.

సంతకు అందం చెడుతుందని పోగు కోసివేసేవారు కొందరున్నారు. వారు ఆ బర్రె చరిత్రనంతా కోసివేస్తున్నారు. బీమా క్లెయిముకు కూడా పోగు అడుగుతారు. పోగు ఊడిపోతే కొత్తది వేయించి, పాత నంబరుతో కలిపించవలెను. కొన్నప్పుడు, అమ్మినప్పుడు యజమాని పేరు మార్పించవలెను. మన సభ్యులు ఎక్కువగా మరచేది ఇదే.

మనుషులకు 108 అంబులెన్సు 2005లో వచ్చినది. తెలంగాణలో పశువులకు 1962 సంచార వైద్యశాలలు 2017లో ప్రారంభమైనవి. ఫోను చేసేటప్పుడు పోగు నంబరు దగ్గర పెట్టుకోండి.

యంత్రం మనం ఎక్కించినదే చూపును. ఒక అంకె తప్పితే మీ బర్రె టీకా మరొకరి లెక్కలో పడును. కావున కార్యదర్శులు సభ్యుని నంబరు పక్కనే పశువుల పోగు నంబర్లు, టీకా తేదీలు ఒక మామూలు రిజిస్టరులో సిరాతో రాసి ఉంచవలెను. ఈసారి తనిఖీలో ఆ రిజిస్టరు కూడా అడుగుతాను.