అర్జీ రాయడమూ ఒక విద్యే!

కల్వకుర్తి: చేతిలో ఒక తెల్లకాగితం, కడుపులో కొండంత గోడు. కచేరి మెట్లెక్కే రైతు పరిస్థితి చాలాసార్లు ఇదే. గోడంతా కాగితం మీద వెళ్లబోసుకుంటే పని అవుతుందని ఆయన నమ్మకం. తీరా చూస్తే ఆ కాగితం ఏ కట్టలోనో చేరి కూర్చుంటుంది. అధికారుల అలసత్వం ఇందుకు ఒక కారణమే. కాని అర్జీదారుకు కావలసిందేమిటో మూడు పేజీలు చదివినా తెలియకపోవడం మరో కారణం. చదివేవారి మనసెరిగి రాసిన అర్జీలు అరుదు.

నిజాం ఏలుబడిలో కచేరి భాష ఉర్దూ. తన పొలం తగాదా గురించి ఏమని రాశారో తెలుగు రైతుకు తెలిసేది కాదు. రాసినవారు చదివి చెప్పిందే వేదం. ఇప్పుడు తెలుగులోనే రాసుకోవచ్చు. అయినా కష్టం పూర్తిగా తీరలేదు. 2011 జనాభా లెక్కలలో అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 55 మందే. ఎంతోమంది గోడు ఇంకొకరి కలం మీద ఆధారపడి ఉన్నదన్నమాట.

ఒక ఊరిలో చెరువు కింద ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందనుకుందాం. రైతులు కూడి అర్జీ రాయిస్తారు. సాధారణంగా అది ఇలా ఉంటుంది: "మా ఊరంటే అధికారులకు లెక్కలేదు. ఎన్నో ఏండ్లుగా అన్యాయం జరుగుతున్నది. లైన్‌మన్ రాడు, ఇంజనీరు చూడడు. రైతులు చావవలసిందేనా?" ఇందులో ఒక్క మాటా అబద్ధం కాకపోవచ్చు. కాని చదివే ఇంజనీరు రెండో వాక్యం దగ్గరే తన తప్పు లేదని చెప్పుకునే దారి వెతుక్కుంటాడు. నింద మీద పడగానే మనిషి మనసు తలుపు వేసుకుంటుంది. ఇది అధికారికే కాదు, ఇంట్లో అన్నదమ్ములకూ వర్తించే సంగతే.

అదే గోడును మరో విధంగా రాయవచ్చు. "అయ్యా, ఈ నెల 6వ తేదీ రాత్రి మా ఊరి చెరువు కింది ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. దాని మీద 11 మోటార్లు నడుస్తున్నాయి. 24 ఎకరాల వేరుశనగ ఊడలు దిగే దశలో ఉన్నది. ఇప్పుడు తడి అందకపోతే కాయ పట్టదు గనుక, ఈ వారంలోగా వేరే ట్రాన్స్‌ఫార్మరు బిగించ ప్రార్థన. 11 మంది సర్వీసు నంబర్లు, సంతకాలు కింద ఉన్నవి." ఇంతే. చదివినవారికి ఏం జరిగిందో, ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో తెలిసిపోయింది. కాదనడానికి సాకు దొరకదు.

సురవరం చూపిన దారి

ఎదుటివారిని రాతతో ఒప్పించడానికి ఈ ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. గద్వాల సీమలో పుట్టి, 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారిని ఎరుగనివారు తక్కువ. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు అన్నప్పుడు ఇక్కడి వారికి కడుపు మండింది. ఆ మంటతో నాలుగు ఘాటైన మాటలు రాసి ఊరుకుని ఉంటే అది నాలుగు రోజుల ముచ్చట అయ్యేది. ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఇక వాదించవలసిన అవసరమే లేకపోయింది. అన్నమాటకు పుస్తకమే జవాబు. తొంభై ఏండ్లు దాటినా ఆ సంచికను తలుచుకుంటూనే ఉన్నారు. అర్జీకి జతపరిచే కాగితాల విలువ ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

"గనుక" అనే మాట బలం

మనసు ఎట్లా ఒప్పుకుంటుందన్న విషయం మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షలు చేశారు. అమెరికాలో ఎలెన్ లాంగర్, ఆమె సహచరులు జరిపి 1978లో ప్రకటించినది వాటిలో ఒకటి. కాగితాల నకళ్లు తీసే యంత్రం దగ్గర ఉన్నవారిని, "ఐదు పేజీలే, నన్ను ముందు తీసుకోనిస్తారా?" అని అడిగితే నూటికి 60 మంది సరేనన్నారు. "తొందరలో ఉన్నాను గనుక" అని కలిపితే 94 మంది ఒప్పుకున్నారు. "నకళ్లు తీయాలి గనుక" అనే పసలేని కారణానికి కూడా 93 మంది తల ఊపడం విశేషం! అయితే ఐదుకు బదులు 20 పేజీలని అడిగినప్పుడు ఆ పసలేని కారణం పారలేదు. కారణం చెప్పకపోయినా, పసలేనిది చెప్పినా ఒప్పుకున్నది 24 మందే. నిజమైన కారణం చెబితే 42 మంది. చిన్న పనికి ఏదో ఒక "గనుక" చాలు. రోడ్డు, వంతెన వంటి పెద్ద పని అడిగేటప్పుడు కారణం గట్టిది ఉండాలి.

2007లో అచ్చయిన మరో పరీక్ష ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆఫ్రికాలో ఆకలి బాధితులకు చందా అడుగుతూ, కొందరికి లక్షల మంది లెక్కలు చూపారు. వారు సగటున ఇచ్చినది 1 డాలరు 14 సెంట్లు. రోకియా అనే ఏడేళ్ల పాప గురించి మాత్రమే చెప్పినప్పుడు 2 డాలర్ల 38 సెంట్లు ఇచ్చారు. పాప కథ, లెక్కలు కలిపి చెబితే మళ్లీ 1 డాలరు 43 సెంట్లకు పడిపోయింది. వెయ్యి మంది కష్టం కంటే ఒక్కరి కష్టమే కళ్లకు కడుతుందని దీని భావం.

అలాగని లెక్కలు మానరాదు. చందా ఇచ్చేవారు వేరు, ఫైలు మీద సంతకం చేసే అధికారి వేరు. ఆయన పైవారికి అంకెలు చూపాలి. కాబట్టి ఒక ఇంటి సంగతి ముందు పేజీలో రెండు వాక్యాలలో చెప్పి, లెక్కలన్నీ వేరే కాగితంలో జతపరచడం మేలు. వాగు పొంగిన రోజు బడికి పోలేక వెనక్కి వచ్చిన ఒక పిల్ల సంగతి వంతెన అర్జీకి ప్రాణం పోస్తుంది. అయితే ఆ పిల్ల నిజంగా ఉండాలి. కరుణ పుట్టించడానికి కల్పించిన కథ విచారణలో బయటపడిందంటే, ఊరు రాసే తర్వాతి పది అర్జీలకూ విలువ ఉండదు. 11 మోటార్లను 40 అని రాసినా అంతే.

కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజావాణికి పోయేవారు మరొకటి గమనించాలి. ఒక అర్జీలో ఒక పనే అడగాలి. పింఛను, పాసుపుస్తకం, మురుగుకాలువ ఒకే కాగితంలో కుక్కితే మూడు శాఖలలో ఏదీ తనదనుకోదు. నకలు దగ్గర పెట్టుకుని, ఇచ్చినందుకు రసీదు అడిగి తీసుకోవాలి. కదలిక లేకపోతే తమ అర్జీ ఎక్కడున్నదని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ రసీదు నంబరుతో అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి.

ఇక ఇంకొకరితో రాయించుకునే తల్లులు, పెద్దలు వేలిముద్ర వేసే ముందు అర్జీని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివించుకోవాలి. "నేను చెప్పింది ఇదే, నాకు కావలసింది ఇదే" అని వారికి అర్థమైతేనే సిరా పెట్టె తెరవాలి. అర్థం కాకపోతే ఇంకో తెల్లకాగితం తీసి మళ్లీ రాయించుకోవాలి.