ఎర్రలైటు దగ్గర ఊపిరి భద్రం!

ఆఫీసుకు వెళ్లే దారిలో సిగ్నళ్ల దగ్గర మనం ఆగేది కాసేపే. కానీ ఆ కాసేపట్లోనే పీల్చకూడనిదంతా పీల్చేస్తున్నాం. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో దీన్ని లెక్కగట్టి చూపించారు. కారు ప్రయాణంలో సిగ్నళ్ల వద్ద గడిచింది 2 శాతం సమయమే. అయినా మొత్తం ప్రయాణంలో ఎదురైన హానికర నలుసుల్లో సుమారు 25 శాతం అక్కడివే! వాహనాలు సాఫీగా సాగే చోటుతో పోలిస్తే సిగ్నళ్ల దగ్గర నలుసుల గరిష్ఠ మోతాదు 29 రెట్లు ఎక్కువగా ఉంది.

ఆగి, కదిలితేనే ముప్పు

ఒకే వేగంతో వెళ్లే బండికి ఇంధనం తక్కువే సరిపోతుంది. ఆగిన బండి కదలాలంటే ఇంజిన్‌ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. డీజిల్‌ ఇంజిన్లో పెరిగిన ఇంధనానికి తగ్గ గాలి వెంటనే అందకపోతే అది సరిగా మండక మసి పుడుతుంది. పచ్చలైటు పడగానే పాత బస్సులు, లారీల వెనక నల్లటి పొగ గుప్పుమనేది ఇందుకే. పైగా బ్రేకు వేసిన ప్రతిసారీ ప్యాడ్లు, డిస్కులు, టైర్లు అరిగి సన్నటి పొడి గాలిలో కలుస్తుంది. చుట్టూ ఎత్తయిన భవనాలుంటే ఇదంతా త్వరగా చెదిరిపోదు.

నెత్తురు దాకా..

పీఎం 2.5 నలుసులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా వెళ్తాయి. మరీ సూక్ష్మమైనవి రక్తంలోకీ చేరతాయి. ఉబ్బసం, సీవోపీడీ ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువవుతుంది. డీజిల్‌ పొగ క్యాన్సర్‌ కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించింది. పిల్లలు పెద్దలకన్నా వేగంగా శ్వాస తీసుకుంటారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. స్కూటర్‌ ముందు నిల్చునే చిన్నారి ముఖం, ముందున్న బండి పొగగొట్టానికి మనకన్నా దగ్గరగా ఉంటుందని మరవొద్దు.

ఏం చేయొచ్చు?

* సిగ్నల్‌ పడటానికి ఇంకా చాలా సెకన్లు ఉంటే ఇంజిన్‌ ఆపేయండి.

* కారులో ఉంటే కూడలికి ముందే అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీని మార్చుకోండి. కూడలి దాటాక మళ్లీ తాజా గాలి రానివ్వండి.

* ద్విచక్ర వాహనాన్ని బస్సు, లారీల వెనకే ఆపొద్దు. కాస్త ఎడంగా, పక్కకు నిలపండి.

* చున్నీ, కర్చీఫ్‌ దుమ్మును కొంత ఆపుతాయేమో గానీ ఈ నలుసులను అడ్డుకోలేవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్‌95 మాస్కు మేలు.

* రోడ్డు దాటటానికి వేచి ఉండేటప్పుడు అంచున కాకుండా నాలుగడుగులు వెనక్కి నిలబడండి.

* ఉబ్బసం ఉన్నవారు డాక్టర్‌ సూచించిన ఇన్‌హేలర్‌ను వెంట ఉంచుకోవాలి. రోజూ వాడాల్సిన మందులను సొంతంగా మానొద్దు.

* పిల్లలను బడికి తీసుకెళ్లేటప్పుడు రెండు నిమిషాలు ఆలస్యమైనా రద్దీ కూడళ్లు తక్కువుండే వీధి దారినే ఎంచుకోండి.