శివారు తూము లెక్క

కాలువ గట్టులోని తూము ఎంత నీరు ఇస్తుందో తేల్చేవి మూడు: రంధ్రం వైశాల్యం, దానికి అటూ ఇటూ ఉన్న నీటి మట్టాల తేడా, రంధ్రం అంచు తీరు. మొదటిది అందరి కంటికీ ఆనుతుంది. చిక్కంతా రెండోదానితోనే.

ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన కృష్ణా నీరు కేఈబీ కాలువలో వచ్చి, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలో అడుగుపెడుతుంది. కోడూరు మండలంలో పాలకాయతిప్ప వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు పొలాల దాకా వచ్చేసరికి కాలువ మట్టం పడిపోతే, ఎగువన పెట్టిన కొలతే పెట్టినా తూము అంత నీరు ఇవ్వదు.

పల్చటి ఇనుప రేకులో 30 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి తూము నోట బిగించారనుకుందాం. పదునైన అంచు కాలువ వైపు, ఏటవాలుగా చెక్కిన అంచు బోదె వైపు ఉండాలి. రంధ్రం పూర్తిగా మునిగి, మట్టాల తేడా 20 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 84 లీటర్లు, అంటే దాదాపు 3 క్యూసెక్కులు పారుతుంది. ఒక క్యూసెక్కు గంటసేపు పారితే, నేలలోకి ఇంకే నీటిని పక్కన పెడితే, ఎకరంలో అంగుళం నీరు నిలుస్తుంది. తేడా 5 సెంటీమీటర్లకు తగ్గితే పారకం నాలుగో వంతుకు కాదు, సగానికి పడుతుంది. వేగం ఎత్తుకు వర్గమూలంలా మారుతుందని 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త టారిచెల్లి చూపాడు. రంధ్రాన్ని 33 సెంటీమీటర్లకు పెంచితే మాత్రం పారకం 21 శాతం పెరుగుతుంది. మూడు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది గానీ, ఆ నీరు కిందివాళ్ల వాటాలోంచి పోతుంది.

పై లెక్కలో 0.6 అనే గుణకం దాగి ఉంది. పదునైన అంచు దాటాక ధార సన్నబడుతుంది కాబట్టి నీరు రంధ్రం నిండా పారదు. నోరు గంట మూతిలా నున్నగా ఉంటే గుణకం 1కి దగ్గరవుతుంది. ఇంజన్ హెడ్డులో గాలి పారకాన్ని కొలిచే బెంచీలో కూడా ఇదే రేకు, ఇదే గుణకం. అక్కడ తేడాను యూ గొట్టంలోని నీటి మట్టాలు చెబుతాయి. గాలి చాలా తేలిక కాబట్టి 20 సెంటీమీటర్ల నీటి తేడాకే సెకనుకు దాదాపు 57 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది.

పుస్తకాల్లో ఉండే ఈ 0.6 గుణకాన్ని తూము దగ్గరే సరిచూడాలి. ధారకు దూరంగా, నీరు నిలకడగా ఉన్న చోట రెండు కొలకర్రలు పాతి మట్టాలు చదవాలి. బోదె నీటిని 50 చదరపు మీటర్ల గుంటలోకి మళ్లిస్తే, 84 లీటర్ల పారకానికి నిమిషంలో గుంట మట్టం 10 సెంటీమీటర్లు పెరగాలి. గుంట నీరు ఎగదన్ని బోదె మట్టాన్ని పెంచకూడదు. రెండు మూడు వేర్వేరు తేడాల దగ్గర చూసినా గుణకం ఒకేలా వస్తే రేకు నమ్మదగినదే. మారుతుంటే ముందు రేకు చుట్టూ ఊట, రంధ్రానికి అడ్డుపడ్డ గుర్రపుడెక్క చూడాలి.