రెండు రోజులు... రెండు సంస్థానాలు!

వేసవి సెలవులు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. పిల్లలకేమో నీళ్లు, ఆటలు కావాలి. అమ్మకు చీరల దుకాణం కనిపించాలి. నానమ్మకు గుడి ఉండాలి, మెట్లు ఉండకూడదు. నాన్నకు దొరికేది రెండు రోజుల సెలవు. ఊటీకి, కొడైకెనాల్‌కి వెళ్లాలంటే రానూపోనూ ప్రయాణానికే ఆ రెండు రోజులూ సరిపోతాయి. మరి అందరి కోరికా తీరేదెలా?

పొద్దున్నే బయల్దేరితే మూడు, నాలుగు గంటల్లో చేరుకునే చోటే సమాధానం ఉంది. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారికి చెరో పక్కన ఉన్న వనపర్తి, గద్వాల. ఒకదానికొకటి సుమారు యాభై కిలోమీటర్ల దూరం. మధ్యలో కృష్ణమ్మ. ఒకప్పుడు రెండూ నిజాం ఏలుబడిలో ఉంటూనే సొంత రాజులు, సొంత కొలువులు ఉన్న సంస్థానాలు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి, నాగర్‌కర్నూల్‌తో పాటు ఈ రెండూ జిల్లా కేంద్రాలయ్యాయి.

అయితే చాలామందికి ఇవి తిరుపతికి పోతూ బోర్డు మీద చదివే పేర్లు మాత్రమే. ఆగి చూడాలంటే ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. ఇది పాలమూరు ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. అందుకే ఈ యాత్రకు ప్రణాళిక అంటే ఏమేం చూడాలన్నది కాదు, ఏ గంటకు ఎక్కడ ఉండాలన్నది!

చదువుల కోటలు

మొదటి మజిలీ వనపర్తి. తెల్లవారుజామున అయిదింటికి హైదరాబాద్‌లో బయల్దేరితే ఎండ ముదరకముందే ఊళ్లో ఉండొచ్చు. కొత్తకోట దగ్గర గానీ, పెబ్బేరు దగ్గర గానీ రహదారి దిగి లోపలికి వెళ్లాలి. ఊరి నడుమ కనిపించే రాజభవనం ముందు నిలబడితే పిల్లలకు ఒక ఆశ్చర్యం. లోపల సింహాసనాలు ఉండవు, బల్లలు, బ్లాక్‌బోర్డులు ఉంటాయి. 1959 నుంచి ఇక్కడ పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. రాజుగారి ఇల్లు తరగతి గది అయిందన్నమాట. కళాశాల కాబట్టి లోపలికి వెళ్లాలంటే అనుమతి అడగాల్సిందే. అందుకే ఆదివారం కన్నా పనిదినం మేలు.

వనపర్తి రాజా రామేశ్వరరావు తర్వాతి కాలంలో మహబూబ్‌నగర్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు.

గద్వాలదీ ఇదే కథ. కోటలో ఉన్నది మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట నడిచే ప్రభుత్వ డిగ్రీ కళాశాల. గద్వాలను చివరిగా ఏలిన రాణి ఆమే. పండితులను ఆదరించే ఊరిగా ‘విద్వద్గద్వాల’ అనే పేరు తెచ్చుకున్న చోట కళాశాల వెలియడం ఎంత పొందిక! తిరుపతి వేంకట కవులు సైతం ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలతో మెప్పించినవారే.

ఈ రెండు ఊళ్లనూ కలిపే మనిషి మరొకరున్నారు. సురవరం ప్రతాపరెడ్డి. 1896 మే 28న నేటి గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో వెలువరించారు. 1952లో శాసనసభకు గెలిచింది వనపర్తి నుంచే. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగుకు వచ్చిన తొలి పురస్కారం అదే. కారులో పాటలకు బదులు ఈ కబుర్లు చెబితే పిల్లలకు దారి తెలియదు.

గేట్లు లేని ఆనకట్ట

వనపర్తి పక్కన మదనాపురం దగ్గరున్న సరళాసాగర్ చిన్న ప్రాజెక్టే. కానీ సైన్సు పాఠం చదివే పిల్లలకు చూపించి తీరాలి. రామేశ్వరరావు తల్లి సరళాదేవి పేరు పెట్టారు. దీనికి మామూలు గేట్లు ఉండవు. సైఫన్లు ఉంటాయి. బకెట్‌లోని నీటిని గొట్టంతో ఒకసారి పీల్చి వదిలితే, ఆ తర్వాత నీరు దానంతటదే కిందికి పారుతుంది కదా... అదే సూత్రం. జలాశయం నిండి ఒక మట్టానికి చేరగానే ఎవరూ మీట నొక్కకుండానే నీరు బయటికి దూకుతుంది. 2019 డిసెంబరు 31న దీని కట్టకు గండి పడి నీరంతా పోయింది. తర్వాత కట్టను పునరుద్ధరించారు. వేసవిలో సైఫన్ల హోరు వినిపించదు గానీ, వాటి కట్టడాన్ని దగ్గర్నుంచి చూసేందుకు అదే అనువైన కాలం.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఎక్కడికీ కదలొద్దు. గుళ్లు కూడా ఆ వేళ మూసే ఉంటాయి. భోంచేసి నడుం వాల్చి, సాయంత్రం శ్రీరంగాపురం వెళ్లాలి. పెబ్బేరు నుంచి పది కిలోమీటర్లు దాటితే వస్తుంది. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దిలో కట్టించిన రంగనాయకస్వామి ఆలయం, దాని చుట్టూ రత్నపుష్కరిణి అనే చెరువు. పొద్దు వాలే వేళ గోపురం నీడ నీళ్లలో కదులుతుంటే నానమ్మ గట్టు మీద కూర్చుని హాయిగా సేదదీరొచ్చు. అక్కడి నుంచి మళ్లీ రహదారి ఎక్కి, కృష్ణ ఒడ్డున బీచుపల్లి ఆంజనేయుడికి దండం పెట్టుకుని, ఎర్రవల్లి చౌరస్తాలో మలుపు తిరిగితే రాత్రికి గద్వాల.

కోట చల్లగా... చీర మెత్తగా

రెండోరోజు సూర్యుడికన్నా ముందే లేవాలి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేలను ‘నడిగడ్డ’ అంటారు. ఇక్కడ మట్టికోట కట్టించి రాజ్యాన్ని నిలబెట్టినవాడు సోమనాద్రి. పదిహేడో శతాబ్ది చివర, పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో ఏలిన ఆయన శౌర్యం గురించి నడిగడ్డలో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. కోటలో కొన్ని గోడలు శిథిలమైనా చెన్నకేశవస్వామి ఆలయం మాత్రం పూజలందుకుంటోంది. ఆరింటికల్లా అక్కడుంటే రాతి స్తంభాల మధ్య చల్లగాలి, నిశ్శబ్దం.

ఎనిమిది తర్వాత అమ్మ వంతు. గద్వాల చీరంటే ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు. రెండు రకాల దారాలను కలపడంలోనే ఉంది అసలు నేర్పంతా. అంచు పోగులను ఒంటి పోగులతో మెలిపెట్టి నేస్తారు. కొంగు పడుగును చీర పడుగుకు ఒక్కో పోగూ చేత్తో అతుకుతారు. అందుకే ఒక్క చీర వెనుక రోజుల తరబడి శ్రమ, ఒకరికి తోడు మరొకరి చెయ్యి ఉంటాయి. అగ్గిపెట్టెలో పట్టేంత సన్నని చీర నేశారని ఈ ఊరికి పేరు. ఏటా తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ‘ఏరువాడ జోడు పంచెలు’ వెళ్లేదీ ఇక్కడి మగ్గాల నుంచే. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

కానీ గుర్తింపు కాగితం ఒక్కటే నేతన్న కడుపు నింపదు. మరమగ్గం మీద గబగబా తయారైన నకలు చీర సగం ధరకే దొరుకుతుంటే, తేడా తెలియని కొనుగోలుదారు దానికే మొగ్గుతారు. నష్టపోయేది చేనేత కుటుంబం. కాబట్టి కొనేముందు చీరను తిరగేసి చూడాలి. అంచు, ఒళ్లు కలిసే చోట మెలికపడ్డ పోగులు కనిపించాలి. కొంగు దగ్గర అతుకు తెలియాలి. హ్యాండ్‌లూమ్ మార్కు ఉందేమో చూసి, బిల్లు అడిగి తీసుకోవాలి. వీలైతే ముందు మగ్గం దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఆ పని చూశాక బేరం ఆడటానికి నోరు రాదు!

జూరాలా... అలంపురమా?

మధ్యాహ్నం విశ్రాంతి అయ్యాక మిగిలేది ఒక్క సాయంత్రం. ఇక్కడే ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

జూరాల ప్రాజెక్టు గద్వాలకు దగ్గర. గేట్లన్నీ ఎత్తి కృష్ణమ్మ ఉరకలెత్తే దృశ్యం కావాలంటే మాత్రం వేసవిలో దొరకదు. ఎగువన వానలు పడి వరద వచ్చాకే ఆ వైభవం. ఇప్పుడు దొరికేది చేపల వేపుడు. ప్రాజెక్టు దగ్గర వేడివేడిగా వేయించి ఇస్తారు. పిల్లలున్న ఇంటికి ఇది చాలు. అయితే నది బండల మీదికి, గుండాల్లోకి ఈతకు దిగడం ప్రమాదం.

పెద్దవాళ్లున్నారా? అయితే అలంపురం. గద్వాల నుంచి సుమారు అరవై కిలోమీటర్లు. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దుల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. పేరు బ్రహ్మదే గానీ అన్నిట్లో కొలువైంది శివుడే. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ ఆలయాన్ని పాత చోటే కొత్తగా కట్టి 2005లో ప్రారంభించారు. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టిన సంగమేశ్వరాలయమూ ఇక్కడే ఉంది. చెప్పులు విడిచి నడవాలి కనుక ఎండ కాగిన బండలు పిల్లల పాదాలను కాలుస్తాయి. అయిదు దాటాకే వెళ్లాలి, లేదంటే మేజోళ్లు తోడుంచుకోవాలి.

మూడో రోజు దొరికితే...

అదృష్టం కొద్దీ ఇంకో రోజు సెలవుంటే నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ పిలుస్తుంది. మామిడికి పేరున్న ఊరు. తోట దగ్గరే కొన్న బంగినపల్లి రుచే వేరు. పక్కనే సోమశిల, ఎదురుగా సముద్రంలా కృష్ణ. వేసవిలో శ్రీశైలం నీటిమట్టం తగ్గినప్పుడు ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. పడవ ఎక్కేవారు ఒకటి మరవొద్దు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం ప్రాణాలు కోల్పోయారు. లైఫ్ జాకెట్ లేని పడవ, కిక్కిరిసిన పడవ... రెండూ వద్దు. గుడి వచ్చే ఏడూ తేలుతుంది.

ఇలా వెళ్లాలి

* హైదరాబాద్ నుంచి వనపర్తి సుమారు 150 కిలోమీటర్లు, గద్వాల సుమారు 190 కిలోమీటర్లు. రెండింటికీ ఆర్టీసీ బస్సులున్నాయి.

* హైదరాబాద్-కర్నూలు రైలు మార్గంలో గద్వాల స్టేషన్ ఊళ్లోనే ఉంటుంది. ‘వనపర్తి రోడ్’ స్టేషన్ మాత్రం మదనాపురంలో ఉంది. అక్కడ దిగి మళ్లీ బస్సో, ఆటోనో ఎక్కాలి. పేరు చూసి మోసపోవద్దు!

* మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, గొడుగు, టోపీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వెంట ఉండాలి. దారిలో తాటిముంజలు కనిపిస్తే ఆగండి.

* ఘనపురం కొండకోట మీద గోన గన్నారెడ్డి కథలు వినాలని పిల్లలు పట్టుబడితే శీతాకాలానికి మాట ఇవ్వండి. ఎండాకాలం కొండ ఎక్కడం మంచిది కాదు.

రెండు రోజుల్లో అన్నీ చూడటం ఎవరితరమూ కాదు. కానీ కోట నీడన కాసేపు కూర్చుని, చెరువు గట్టున పొద్దు గుంకడం చూసి, నేసిన చేతుల నుంచే ఒక చీర తెచ్చుకుంటే... ఆ వేసవి చాన్నాళ్లు గుర్తుంటుంది. ఆ చీర కట్టుకున్న ప్రతిసారీ!