చిన్న హాలుకు చిక్కటి పచ్చదనం

ముదురాకుపచ్చ, బూడిద రంగు... ఈ జత పెద్ద బంగళాలకే అనుకుంటాం. పద్ధతి తెలిస్తే పదడుగుల హాలుకూ అందమే. అందుకు కావాల్సిన సరంజామా చాలావరకు సిక్కోలు, విజయనగరం సీమలోనే దొరుకుతుంది!

‘‘నట్టింట్లో బూడిద రంగేటమ్మా? దానికి తోడు ముదురాకుపచ్చా? ఉన్నదే చిన్న గది, అదీ చీకటి చేసేత్తావా?’’

ఇంటికి రంగులు వేయించేటప్పుడు ఈ జత పేరెత్తి చూడండి. పెద్దవాళ్ల నుంచి వచ్చే మొదటి మాట ఇదే. వాళ్ల భయంలో న్యాయం లేకపోలేదు. తెల్లగోడ తనమీద పడిన వెలుతురులో దాదాపు ఐదింట నాలుగు వంతులు తిరిగి గదిలోకి పంపిస్తుంది. ముదురాకుపచ్చ గోడ పంపేది సుమారు పదో వంతే. నాలుగు గోడలకూ అదే పూస్తే చిన్న గది గుహలా మారుతుంది. అదే ఒక్క గోడకు పూసి, మిగతా మూడింటినీ పాలతెలుపులో ఉంచితే? వెలుతురుకు లోటు రాదు, గదికి నిండుదనం వస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది.

ఈ రంగులు మనవే

వానలు పడ్డాక ఒకసారి నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం వెళ్లి చూడండి. బూడిద రంగు బండరాళ్ల కొండ, దాని చుట్టూ చిక్కటి పచ్చదనం. ఇక టెక్కలి ప్రాంతంలో దొరికే గ్రానైట్ నీలిఛాయ కలిసిన బూడిద రంగే. ‘శ్రీకాకుళం బ్లూ’, ‘వైజాగ్ బ్లూ’ పేర్లతో విదేశాలకూ వెళ్లే రాయి ఇది. రోజూ కళ్లముందున్న జతనే మనం ఇంట్లోకి తెచ్చుకుంటున్నామన్నమాట.

నిజానికి బూడిద రంగు కోసం వేరే ఖర్చు పెట్టక్కర్లేని ఇళ్లు చాలా ఉంటాయి. పాత ఇళ్లలో సిమెంటు గచ్చు ఉంటుంది. కొన్నిచోట్ల కడప బండలు, కొన్నిచోట్ల గ్రానైట్. మీ నేల ఇప్పటికే బూడిదైతే ఇక కావాల్సింది ఒక్క గోడకు పచ్చరంగే! ఎర్రగచ్చు ఉన్నా దిగులు వద్దు. ఎరుపు, ఆకుపచ్చ ఒకదాన్నొకటి ఎత్తి చూపిస్తాయి. అలాంటి గదిలో బూడిద రంగును సోఫా కవర్లకో, దివాన్ దుప్పటికో ఇస్తే సరిపోతుంది.

ఏ గోడకు?

కిటికీ ఉన్న గోడను వదిలేయండి. బయటి వెలుగు పక్కన ముదురు రంగు మరింత నల్లగా కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగానో పక్కగానో ఉన్న గోడ మంచిది. వెలుతురు నేరుగా పడి పచ్చదనం బయటికొస్తుంది. టీవీ ఉన్న గోడైతే ఇంకో లాభం... కట్టేసిన టీవీ తెల్లగోడ మీద నల్ల పలకలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముదురు గోడ మీదైతే కలిసిపోతుంది.

షేడ్ కార్డు చూసి రంగు ఖాయం చేయకండి. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల మేర గోడమీద పూసి చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి... మూడు పూటలా గమనించండి. పొద్దున ఆకులా ఉన్న రంగు రాత్రి ట్యూబులైటు కింద నీలంగానో, నల్లగానో కనిపించొచ్చు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న గోడకు రెండు పూతలకు రెండు లీటర్ల ఎమల్షన్ కావాలి. మొత్తం ఒకేసారి కలిపించుకోండి. మళ్లీ వెళ్లి కలిపిస్తే ఛాయలో తేడా రావొచ్చు.

ముందు చెమ్మ చూడండి

అసలు పరీక్ష ఇక్కడే. 2014లో హుద్‌హుద్‌నూ 2018లో తిత్లీనీ చూసిన తీరం మనది. గోడలో చెమ్మ ఉంటే ఉప్పు పైకి వచ్చి తెల్లటి మరకలు కడతాయి. సున్నం గోడ మీద కనపడని ఆ మరకలు ముదురాకుపచ్చ మీద స్పష్టంగా తేలతాయి. కొన్నాళ్లకు పెచ్చులూ లేస్తాయి. పెట్టిన డబ్బంతా గోడపాలే!

తెలుసుకోవడం తేలిక. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గాలి చొరకుండా గోడకు టేపుతో అతికించండి. రెండు రోజుల తర్వాత చూస్తే... కాగితానికి గోడవైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచే వస్తోందని అర్థం. అప్పుడు రంగు సంగతి పక్కనపెట్టి పగుళ్లు, డాబా మీది వాననీటి గొట్టం, స్నానాలగది పైపులు చూపించాలి. చుక్కలు కాగితం పైవైపు ఉంటే అది గదిలో గాలి తేమ. కిటికీలు తీసి గాలి ఆడనిస్తే చాలు. కొత్తగా పూత పెట్టిన గోడైతే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వండి. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక, సంక్రాంతికి ముందు రంగులు వేయించే మన అలవాటు ఈ లెక్కనా మంచిదే.

‘ముదురు రంగు వేస్తే ఇల్లు వేడెక్కదా?’ అని ఇంకో సందేహం. ఎండ నేరుగా తగిలే బయటి గోడల విషయంలో, డాబా విషయంలో అది నిజం. గది లోపలి గోడకు ఆ బెంగ దాదాపు అక్కర్లేదు. చల్లదనం కావాలంటే డాబా మీద తెల్లపూత వేయించండి.

దీపాల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఒక్కటి ఉన్నచోట రెండు పెట్టండి. పసుపుఛాయ వెలుతురైతే ఆకుపచ్చ వెచ్చగా కనిపిస్తుంది. సోఫాను గోడకు జానెడు దూరం జరపడమూ మరవొద్దు. లేదంటే తలనూనె మరకలు పడి పచ్చగోడ మెరిసిపోతుంది, అదీ తలలు ఆనిన చోటే!

మూడో రంగు ఇక్కడిదే

ఆకుపచ్చ, బూడిద రెండే ఉంటే గది బరువుగా అనిపిస్తుంది. కాస్త తెలుపు, కాస్త మెరుపు, చిటికెడు ఎరుపు కావాలి.

తెలుపు పొందూరుది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి, వడికి నేసే ఆ ఖద్దరు నాణ్యత జగమెరిగినదే. మీటర్లకొద్దీ కొని కర్టెన్లు కుట్టించడం అందరివల్లా కాదు. అంచు చిరిగి పక్కన పెట్టిన పంచె ఉంటే కిటికీకి సగం తెరగా పనికొస్తుంది. వెలుతురును ఆపదు, వీధి చూపును ఆపుతుంది.

మెరుపు బుడితిది. సారవకోట మండలంలోని ఈ ఊరు ఇత్తడి, కంచు పనికి పెట్టింది పేరు. ముదురాకుపచ్చ ముందు ఇత్తడి చెంబు ఒక్కటి పెట్టి చూడండి, దీపం వెలిగించినట్టుంటుంది. అటక మీద అమ్మమ్మ బిందె ఉంటే చింతపండుతో తోమి దించండి. కొనే పనే లేదు.

ఎరుపు సవరలది. ఎర్రమట్టి పూత మీద తెల్లటి గీతలతో మనుషులను, చెట్లను, జంతువులను గీసే ఈ చిత్రాలు మొదట పూజ కోసం ఇంటి గోడల మీద పుట్టాయి. ఇప్పుడు కాగితం, గుడ్డల మీదా వస్తున్నాయి. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట, ఆ చుట్టుపక్కల కొండలే సవరలకు నెలవు. పచ్చగోడ మధ్యలో అలాంటి పటం ఒక్కటి చాలు. ఇంకా చోటుంటే బొబ్బిలి వీణ బుల్లి నమూనా ఒకటి బల్లమీద పెట్టొచ్చు.

అంతకుమించి ఏదీ వద్దు. చిన్న హాలుకు అన్నిటికన్నా పెద్ద అలంకారం ఖాళీ చోటే. గోడకు రంగు వేసేముందు షోకేసులోంచి ఏవేం తీసేయొచ్చో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. గది అప్పుడే సగం పెద్దదవుతుంది!