వార్తల్లో పదం: బీటా-2 గ్రాహకం

ఉబ్బసం ముంచుకొచ్చినప్పుడు సాల్బుటమాల్ పీలిస్తే నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. ఆ మందు పట్టుకునేది శ్వాసనాళాల కండర కణాల పైపొరలోని బీటా-2 గ్రాహకాన్ని. పొరను ఏడుసార్లు దాటుతూ సాగే ప్రొటీన్ ఇది. బయటివైపు మందు అతుక్కోగానే గ్రాహకం ఆకారం మారుతుంది. లోపల సంకేతాన్ని అందుకునే జీ-ప్రొటీన్ మేల్కొంటుంది, సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, బిగుసుకున్న కండరం సడలుతుంది. ఈ జాతి గ్రాహకాల గుట్టు విప్పినందుకు రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

అయితే మందు పదేపదే తగిలితే కణం ఈ గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటుంది, దాంతో మందు ప్రభావం తగ్గుతుంది. నాళాల్లోని వాపునేమో సాల్బుటమాల్ తగ్గించలేదు. అందుకే పెద్దలకు అదొక్కటే వాడొద్దని, పీల్చే స్టెరాయిడ్ తోడుండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్టెరాయిడ్ పేరు వింటేనే బెదిరిపోయేవారు మనలో ఎందరో. కానీ ఇన్‌హేలర్‌లో దాని మోతాదు మైక్రోగ్రాముల్లోనే ఉంటుంది.